మ్యూజియంలో ఒక బల్ల వేయించండి

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, ప్రదర్శనశాలల శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



రాజమహేంద్రవరంలో మీ శాఖ నడుపుతున్న రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం గురించి ఈ ఉత్తరం. కొత్త భవనం అడగబోవడం లేదు. లేజర్ షోలు అసలే అడగను. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, పాత లిపులు చదవడం వచ్చిన ఒక మనిషి, నెలకొక ఆదివారం. నా కోరికల జాబితా ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఈ మ్యూజియం ఎలా పుట్టిందో కొంత చెప్పుకోవాలి. మీకు తెలియదని కాదు. బహిరంగ లేఖ కనక ఊరివాళ్లూ చదువుతారు, వాళ్లలో చాలామందికి తెలియదు.

1922లో వేంగి చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండాయి. ఆ లెక్క ఎవరో పురాణంలోంచి తీసింది కాదు. ఈ ప్రాంతంలోని కోరుమిల్లిలో దొరికిన రాగి శాసనంలో ఆ రాజు పట్టం కట్టుకున్నది శక సంవత్సరం 944 అని ఉంది. అంటే క్రీస్తు శకం 1022. రాగిరేకు మీది ఆ ఒక్క అంకెను పట్టుకుని ఊళ్లో ఉత్సవం చేశారు, పట్టాభిషేక సంచిక అచ్చువేశారు. ఉత్సవాలు అంతకుముందూ జరిగాయి, తరవాతా జరిగాయి. ఈ ఉత్సవం విశేషమేమిటంటే, పందిరి విప్పేశాక ఒక సంస్థ మిగిలింది. అదే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి.

ఎవరు ఈ మండలి వాళ్లు? భావరాజు వెంకటకృష్ణారావు గారు వకీలు. చిలుకూరి వీరభద్రరావు గారు పత్రికల్లో పనిచేసి, ‘ఆంధ్రుల చరిత్రము’ రాసిన మనిషి. మండలి బండిని ఏళ్ల తరబడి లాగిన కార్యదర్శి రాళ్లబండి సుబ్బారావు గారి పేరు వెనక ఎం.ఏ.తో పాటు ఎల్.టి. కూడా ఉండేది, అంటే బోధన వృత్తి చదువు చదివినవారు. వీళ్లలో ఎవరికీ చరిత్ర తవ్వమని సర్కారు జీతం ఇవ్వలేదు. ఆ కాలపు గాలే అలాంటిది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు ముఖలింగం గుడిలోని శాసనాలు చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. విశ్వవిద్యాలయ పట్టా లేని మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు రెడ్డిరాజ్యాల చరిత్ర రాస్తే, దాన్ని దాటి వెళ్లడం పట్టాలున్నవాళ్లకు ఈనాటికీ కష్టంగానే ఉంది.

అవతల నిజాం రాజ్యంలోనూ ఇదే వరస. కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు మీద హైదరాబాదులో ఏర్పడిన పరిశోధక మండలిలో ఆదిరాజు వీరభద్రరావు గారి వంటివారు ఊళ్లు తిరిగి శాసనాలు పోగుచేశారు. 1935లో ‘తెలంగాణా శాసనములు’ పుస్తకంగా వచ్చింది. బడిలో తెలుగు చెప్పుకోవడమే ఇబ్బందిగా ఉన్న చోట, తెలుగులో శాసన సంపుటం!

రాజమండ్రి మండలి 1926లో ఇంగ్లీషులో త్రైమాసిక పత్రిక మొదలుపెట్టింది. దేశదేశాల పండితులు చదవాలంటే అప్పట్లో ఇంగ్లీషు తప్పదు. కాని తెలుగువాళ్లను వదిలెయ్యలేదు. 1930లో కళింగదేశ చరిత్ర, 1935లో కాకతీయ సంచిక, 1947లో రెడ్డి సంచిక తెలుగులో తెచ్చారు. పత్రిక పాత సంచికలు తిరగేస్తే నాకు పాండిత్యం కన్నా ఎక్కువగా కనిపించేది తగువు. గాంగ రాజులు తమ శాసనాల్లో వాడిన గాంగ శకం ఎప్పుడు మొదలైంది అన్న ఒక్క ప్రశ్న మీద ఎన్ని వ్యాసాలు! ఒకరు ఒక సంవత్సరమంటారు, ఇంకొకరు శాసనంలో చెప్పిన గ్రహణం ఆ ఏట పడలేదని కొట్టేస్తారు. చివరికి క్రీస్తు శకం 498 దగ్గర చాలామంది కుదురుకున్నారు. ఈ తగువులో ఉపయోగపడిన సరంజామా చాలావరకు గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల పల్లెల్లో ఎవరో రైతు పొలంలోనో, ఎవరి అటక మీదో దొరికిన రాగిరేకులు.

రాగిరేకుల సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నా బల్ల అవసరం అక్కడే తెలుస్తుంది.

రాగిశాసనమంటే సాధారణంగా మూడో అయిదో రేకులు. అక్షరాలు అరిగిపోకుండా అంచులు కొంచెం ఎత్తుగా మలుస్తారు. ఒక పక్క కన్నం పొడిచి, అన్నిటినీ ఒక కడియానికి గుచ్చి, కడియం కొసలు కలిసేచోట రాజముద్ర పోత పోస్తారు. వేంగి చాళుక్యుల ముద్రయితే వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలు ఉంటాయి. రేకుల్లో ముందు రాజుగారి వంశం, పొగడ్త. అది కవిగారి పని, అందులో సగం ఒక శాసనానికీ ఇంకొక శాసనానికీ ఒకటే. నాకు ప్రాణం లేచొచ్చేది చివర్న. ఇచ్చిన ఊరికి ఎల్లలు చెబుతారక్కడ. తూర్పున ఫలానా ఊరి పొలిమేర, ఆగ్నేయాన చింతచెట్టు, దక్షిణాన పుట్ట, పడమట చెరువుగట్టు, ఇలా చుట్టూ తిరిగి వస్తారు. వెయ్యేళ్ల నాటి గ్రామ నక్ష అది. ఆ ఊళ్ల పేర్లలో కొన్ని ఇప్పటికీ బస్సుల బోర్డుల మీద ఉన్నాయి. కొన్ని పొలాల పేర్లుగా మిగిలాయి, సర్వే నంబర్లలో కూడా లేవు, పాలేరు నోట్లో ఉన్నాయి. ఢిల్లీలోనో మైసూరులోనో కూర్చున్న పండితుడు ఆ చెరువుగట్టును గుర్తుపట్టలేడు. కోరుమిల్లి వాడో, మండపేట వాడో గుర్తుపడతాడు. వెనకటి మండలి బలమంతా ఈ ఒక్క సౌకర్యంలో ఉంది. చదివేవాడూ ఆ నేల ఎరిగినవాడూ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే అరుగు మీద ఉండేవారు.

తరవాత మండలి సేకరణ ప్రభుత్వం చేతికి వచ్చింది. అది మంచికే జరిగిందని నా నమ్మకం. రాత్రి కాపలా, బీరువాల తాళాలు, కప్పు మరమ్మతులు చందాల మీద నడిచే సంఘం ఎన్నాళ్లని మోస్తుంది? విగ్రహాల దొంగతనాలు పెరిగిన రోజుల్లో ఆ పని సర్కారే చెయ్యాలి. కాని వస్తువుల్ని దాచడం మండలి చేసిన పనిలో సగమే. ఊళ్లు తిరగడం, ఇళ్లలో అడగడం, చదవడం, తగువుపడడం, అచ్చువెయ్యడం మిగతా సగం. అది ఏ ప్రభుత్వ ఉత్తర్వుతోనూ బదిలీ కాలేదు. కాదు కూడా. జీతం రిజిస్టరులో ఆ పనికి గడి ఉండదు.

ఇప్పుడు ఒక రైతు దుక్కి దున్నుతుంటే నాగలికి రాగిరేకు తగిలిందనుకోండి. ఏం చేస్తాడు? ముందు భయపడతాడు. నిధి దొరికిందని పక్క పొలం వాడు అంటాడు. పోలీసులు వస్తారేమోనని ఇంట్లో వాళ్లు అంటారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. భూమిలో దొరికిన విలువైన వస్తువు గురించి కలెక్టరుకు తెలపాలన్న చట్టం 1878 నుంచీ ఉంది. విలువ పది రూపాయలు దాటితే చాలు. అవి 1878 నాటి పది రూపాయలు, అయినా అంకె అలాగే ఉండిపోయింది. మరోపక్క 1972 నాటి పురావస్తు చట్టం ఉంది. నూరేళ్లు దాటినవి పురావస్తువులు, చరిత్ర విలువ ఉన్న రాతప్రతులకు డెబ్బై అయిదేళ్లు చాలు. వాటిలో కొన్ని రకాలను ఇంట్లో ఉంచుకుంటే నమోదు చేయించాలి. ఏవి చేయించాలి, ఏవి అక్కర్లేదు, తాత గారి తాళపత్రాలు ఇంట్లో ఉండడం నేరమా కాదా, ఈ సంగతులు మామూలు మనిషికి విడమరిచి చెప్పేవాళ్లు లేరు. చెప్పేవాళ్లు లేని చోటికి రెండు రకాల మనుషులు వస్తారు. ఒకడు రాగిని కిలో లెక్కన కొనేవాడు. రెండోవాడు అంతకన్నా ప్రమాదకరం: గుప్తనిధుల వాడు.

నంది విగ్రహం పొట్ట పగలగొట్టారని, వీరగల్లు కింద గొయ్యి తవ్వారని పేపర్లో చదువుతూనే ఉంటాం. శాసనం రాయి పైన సూర్యుడు, చంద్రుడు బొమ్మలుంటాయి కదా, అవి నిధి గుర్తులని వీళ్లు ఊళ్లో ప్రచారం చేస్తారు. ఆ దానం సూర్యచంద్రులున్నంత కాలం సాగాలని చెక్కిన బొమ్మలవి. ఆ ఒక్క మాట ఊరివాళ్లకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని రాళ్లు బతికేవో. రైస్ పుల్లింగ్ అని, బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందని రాగి చెంబు చూపించి లక్షలు గుంజే ముఠాలు కూడా ఈ అజ్ఞానం మీదే బతుకుతున్నాయి. చదువుకున్నవాళ్లే డబ్బు పోగొట్టుకున్నారు మరి.

అందుకే బల్ల. నెలకొక ఆదివారం, మ్యూజియం వరండాలో వేయించండి. ఇంట్లో పాత రాగిరేకు, తాళపత్రం, నాణెం, దస్తావేజు, గుడి లెక్కల కట్ట ఏది ఉన్నా పట్టుకు రమ్మని చెప్పండి. బల్ల దగ్గర కూర్చున్న మనిషి దాన్ని చూస్తాడు, ఫొటో తీస్తాడు, చదవగలిగినంత చదివి చెబుతాడు, ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఎలా సంక్రమించిందన్నది పుస్తకంలో రాసుకుంటాడు. తరవాత వస్తువు యజమానికే తిరిగి ఇచ్చేస్తాడు. ఇది ముఖ్యం. ఇచ్చేస్తారన్న నమ్మకం లేకపోతే రెండో నెల ఒక్కడూ రాడు. నేలలో దొరికినదైతే చట్టం ఏం చెబుతోందో, కలెక్టరుకు ఎలా తెలపాలో అక్కడే చెప్పి కాగితం రాసిపెడతాడు. నమోదు కావలసినదైతే ఆ దరఖాస్తూ అక్కడే నింపుతాడు. దొంగసొత్తును అనుమానించవలసి వస్తే దానికి వేరే దారి ఉండనే ఉంది.

సిబ్బంది లేరంటారు. నిజమే. కాని ఈ జిల్లాల్లో శాసనాలు చదవగలిగిన విశ్రాంత ఆచార్యులు, పండితులు ఇంకా కొందరున్నారు. దారిఖర్చులూ భోజనమూ ఇచ్చి, గౌరవంగా పిలిస్తే వస్తారు. వాళ్ల పక్కన ఇద్దరు డిగ్రీ విద్యార్థుల్ని కూర్చోబెట్టండి. పాత లిపి నేర్పే కోర్సులు ఎక్కడో దూరాన ఉన్నాయి. బల్ల దగ్గర ఏడాది కూర్చున్న కుర్రాడికి కనీసం పదకొండో శతాబ్దపు వేంగి శాసనాల లిపి కంటికి అలవాటవుతుంది. అదే బల్ల మీద శాసనం అచ్చు తియ్యడమూ చూపించవచ్చు. తడి కాగితాన్ని రాతి మీద పరిచి, గట్టి బ్రష్షుతో కొడితే కాగితం అక్షరాల గాళ్లలోకి దిగుతుంది. పైన సిరా గుడ్డతో అద్దితే నేల నల్లగా, అక్షరం తెల్లగా తేలుతుంది. పిల్లలు చూశారంటే మీ టికెట్టు వసూళ్లకు ఢోకా ఉండదు.

మ్యూజియంలో చీటీల గురించి కూడా ఒక మాట. ఒక జిల్లా మ్యూజియంలో నిలువెత్తు విగ్రహం కింద దేవుడి పేరు, రాయి రకం, శతాబ్దం మాత్రమే రాసి ఉండడం చూశాను. ఏ ఊరిది? ఎవరు తెచ్చారు? గుడి పడిపోయిందా, చెరువు పూడిక తీస్తే బయటపడిందా? ఆ ఊరి నుంచి వచ్చినవాడు దాని ముందు నిలబడి కూడా తమదని తెలుసుకోకుండా వెళ్లిపోతాడు. దొరికిన ఊరు, ఇచ్చినవారు ఈ రెండు ముక్కలు మీ రికార్డుల్లో ఉన్నచోటల్లా చీటీ మీదికి ఎక్కించమని మనవి. రాజమండ్రి మ్యూజియం సంగతైతే ఇది మరీ న్యాయం, ఎందుకంటే ఆ సేకరణ మొదలైందే జనం ఇచ్చిన వస్తువులతో.

ఇక పుష్కరాలు. 2027లో గోదావరికి జనం వస్తారు, మామూలు జనం కాదు. ఆ ముందు ఏడాదంతా గట్టు వెంబడి గుళ్లకు మరమ్మతులు, రంగులు, టైల్సు, గ్రానైటు. నా దిగులంతా దాని గురించే. శాసనం ఉన్న గోడకు సున్నం కొడితే కనీసం గీకి చదవచ్చు. ఎనామిల్ రంగు వేస్తే గాళ్లు పూడిపోతాయి. గ్రానైటు పలక అతికించేస్తే ఇక చెప్పేదేముంది? ద్రాక్షారామంలో స్తంభాల మీదా గోడల మీదా వందల శాసనాలున్నాయి. అది పెద్ద గుడి, కాపాడేవాళ్లున్నారు. చిన్న ఊళ్లో శివాలయం ముందు నిలబెట్టిన శాసన స్తంభానికి ఎవరున్నారు? దాతల పేర్ల పలకకు చోటు చాలకపోతే ముందు కదిలేది అదే. దేవాదాయ శాఖ మీ చేతిలో లేదని తెలుసు. అయినా పనుల కాంట్రాక్టు కాగితాల్లో ‘రాత ఉన్న రాయిని కదపరాదు, రంగు వెయ్యరాదు, ముందు పురావస్తు శాఖకు తెలపాలి’ అన్న ఒక్క షరతు చేర్పించగలిగితే అది మ్యూజియంలో కొత్త గది కట్టడం కన్నా పెద్ద పని.

పుష్కరాల వల్ల ఇంకో లాభం ఉంది. మామూలు రోజుల్లో పరిశోధకుడు ఊళ్లు తిరగాలి. ఆ పన్నెండు రోజులూ ఊళ్లే నడిచి వస్తాయి. శ్రీకాకుళం వాళ్లూ, ఖమ్మం వాళ్లూ, అనంతపురం వాళ్లూ వస్తారు. అందరి జేబుల్లో ఫోన్లుంటాయి. చాలా ఫోన్లలో తమ ఊరి గుడి ఫొటో ఉంటుంది, ఆ ఫొటోలో మూలన రాత ఉన్న రాయి కూడా ఉంటుంది. ఘాట్ల దగ్గర ఒక డేరా వేసి, ‘మీ ఊళ్లో రాత ఉన్న రాయి ఉందా? ఫొటో చూపించండి’ అని బోర్డు పెట్టండి. ఊరి పేరు, మండలం, రాయి ఉన్న చోటు రాసుకోండి. వచ్చినవాటిలో సగం ఇప్పటికే అచ్చయిన శాసనాలే కావచ్చు, పావు వంతు నిన్న మొన్నటి శిలాఫలకాలు కావచ్చు. మిగిలినవి చాలు, మీ శాఖకు కొన్నేళ్లు చేతినిండా పని. వచ్చినవాళ్లకు మ్యూజియం దారి కూడా అక్కడే చూపించవచ్చు. ఈ ఊళ్లోనే దామెర్ల రామారావు చిత్రశాల, కందుకూరి వారి ఇల్లు, గౌతమీ గ్రంథాలయం ఉన్నాయి, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. స్నానం చేసి పులిహోర తిని బస్సెక్కేవాళ్లకు ఇవి ఉన్నాయని చెప్పేవాడు కావాలి, అంతే.

మండలి పాత సంచికల గురించి ఎక్కువ చెప్పను. వాటిలో చాలావాటి స్కాన్లు అంతర్జాలంలో దొరుకుతున్నాయి, కొన్ని పుటలు వంకరగా ఉన్నా. వాటికి కావలసింది పునర్ముద్రణ కన్నా ముందు తెలుగులో ఒక సూచిక. ఏ ఊరి శాసనం ఏ సంచికలో ఏ పుటలో ఉందో ఊళ్ల పేర్ల వరసలో తయారుచేస్తే ప్రతి పంచాయతీ ఆఫీసులో ఒక ప్రతి పెట్టించవచ్చు. తమ ఊరి పేరు వెతుక్కోని మనిషి ఉండడు.

రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి 2022లో వెయ్యేళ్లు నిండాయి. వెయ్యేళ్ల పేరుతో సభలూ జరిగాయి, శాలువాలూ కప్పుకున్నాం. 1922 వాళ్ల లాగా సంస్థ ఏదీ మిగల్చలేకపోయాం. ఆ బాకీలో మా ఊరి వాటా ఎక్కువ, మీ శాఖ వాటా తక్కువ, అందుకే ఊరి తరఫున కొన్ని పనులు మేమే ఒప్పుకుంటున్నాం. బల్ల దగ్గర పుస్తకం రాయడానికి నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు వంతులవారీగా వస్తారు. తాళపత్రాలు తుడవడానికి మెత్తటి కుంచెలు, నిమ్మగడ్డి నూనె, చుట్టడానికి ఎర్ర గుడ్డ మేం కొంటాం. అనుమతి కాగితమూ, చదివే మనిషీ, వరండా మీవి.

మొదటి ఆదివారం ఏ తేదీయో చెబితే ఊళ్లలో చాటింపు వేయిస్తాం. ఆ రోజు రాగిరేకులేవీ రాకపోవచ్చు. కుంఫిణీ డబ్బులు, చెదలు తిన్న దస్తావేజులు, ముత్తాత రాసుకున్న జమాఖర్చు పుస్తకాలు, ఒకటో రెండో నకిలీ నాణేలు వస్తాయి. నకిలీని నకిలీ అని మర్యాదగా చెప్పగలిగిన మనిషిని మాత్రం పంపండి.

ఇట్లు,
రాజమహేంద్రవరం నుంచి
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు